4 రోజుల్లో యాక్సెప్టెన్స్ వచ్చింది, ఇప్పుడు పేపర్ వెనక్కి ఎలా తీసుకోవాలి?

బోరుబావి_62:

నమస్తే అందరికీ. పీహెచ్‌డీ నాలుగో ఏడు నాది, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్. ఊరూ యూనివర్సిటీ చెప్పను, చెబితే నేనెవరో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఒక మండలంలో రెండేళ్లు తిరిగి 62 బోర్ల నీళ్లు తెచ్చి ఫ్లోరైడ్ చూశాను, ఎండాకాలం ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి. క్యాన్లతో బస్సెక్కితే కండక్టర్ ప్రతిసారీ లగేజీ టికెట్ కొట్టేవాడు, అది వేరే కథ. 23 బోర్లలో తాగునీటికి హద్దు అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది, అందులో పిల్లలు చదివే రెండు బళ్ల బోర్లు. పేపర్ రాస్తే గైడ్ సార్ చదివి బాగుందన్నారు.

మా దగ్గర థీసిస్ ఇవ్వాలంటే ఒక పేపర్ అచ్చయి ఉండాలి. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2022లోనే ఆ నిబంధన తీసేసిందిగా అంటారేమో, మా యూనివర్సిటీ మాత్రం అడుగుతూనే ఉంది. జూన్ దాటితే మళ్లీ ఎక్స్‌టెన్షన్, మళ్లీ ఫీజు. ఆ టెన్షన్‌లో పక్క ల్యాబ్ సీనియర్ చెప్పిన జర్నల్‌కి పంపేశాను. సోమవారం రాత్రి పంపితే శుక్రవారం పొద్దున "గ్రీటింగ్స్ ఆఫ్ ద డే" అంటూ యాక్సెప్టెన్స్ వచ్చింది. పేపర్‌ని నిపుణులు చదివి ఇవ్వాల్సిన రివ్యూ రిపోర్టులో ఉన్నవి రెండే లైన్లు: భాష బాగుంది, విషయం సమాజానికి ఉపయోగకరం. నిజం చెప్పాలంటే టేబుల్ 3లో నేనే ఒక తప్పు చేశాను, అడ్డంగా కూడితే ఒక లెక్క, నిలువుగా కూడితే ఇంకో లెక్క. పంపాక చూసుకుని సిగ్గుపడ్డాను. దాని గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. అప్పుడే అనుమానం వచ్చింది, ఇది చదివినవాడు ఎవడూ లేడని.

48 గంటల్లో 9,500 కట్టమన్నారు. కట్టలేదు, కాపీరైట్ ఫామ్ మీద సంతకమూ పెట్టలేదు. వెనక్కి తీసుకుంటాను అని రాస్తే విత్‌డ్రాయల్ ఛార్జి 150 డాలర్లంట, కట్టకపోతే ఉన్నదున్నట్టు వేసేస్తారంట! రాత్రి నిద్ర లేదు.

ఇంకోటి కూడా ఉంది. రచయితల్లో మా డిపార్ట్‌మెంట్ హెడ్, అంటే హెచ్‌ఓడీ గారి పేరు, గైడ్ సార్ స్నేహితుడొకాయన పేరు పెట్టమంటున్నారు. ఆయన వేరే కాలేజీ, నేనెప్పుడూ చూడలేదు. "వాళ్ల పేపర్లో మన పేర్లు పెడతారులే" అన్నారు సార్. హెచ్‌ఓడీ గారు మంచివారే, కానీ ఒక్క క్యాన్ కూడా ముట్టుకోలేదు.

ఈ గొడవ తేలేలోపు మంచి జర్నల్‌కి పంపేయొచ్చా? పేర్ల సంగతి ఏం చేయను? దయచేసి తిట్టకండి, ఇప్పటికే నన్ను నేను తిట్టుకుంటున్నాను.

లంచ్‌బాక్స్_లెక్చరర్:

అమ్మా, ముందు ఒక మాట, డబ్బులు కట్టకు. 150 డాలర్లు కాదు, 150 రూపాయలు కూడా. ఒకసారి కడితే కట్టే మనిషివని వాళ్లకి తెలిసిపోతుంది.

నిన్నెందుకు తిడతాం, నేనూ తొక్కిన అడుసే ఇది. 2016లో ప్రమోషన్ పాయింట్ల కోసం ఇలాంటి ఒకదాంట్లో పేపర్ వేయించుకున్నాను. బంగారు అంచు సర్టిఫికెట్ పంపారు, మా ఆవిడ లామినేషన్ కూడా చేయించింది. కవర్ మీద ఐఎస్ఎస్ఎన్ నంబరు, పక్కన "ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 6.2" అని. ఐఎస్ఎస్ఎన్ అంటే పత్రికకి ఇచ్చే గుర్తింపు నంబరు మాత్రమే, బండికి నంబర్ ప్లేటు లాంటిది, బండి నడుస్తుందో లేదో ప్లేటు చెప్పదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఆ జర్నల్ పేపర్లని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించారనే లెక్క, దాన్ని కట్టేది క్లారివేట్ అనే సంస్థ, వాళ్లది కాని లెక్క ఎవడైనా ఎంతైనా వేసుకోవచ్చు. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, అది నా తప్పు.

2018 మేలో యూజీసీ తను ఆమోదించిన జర్నల్స్ లిస్టులోంచి ఒక్క దెబ్బకి 4,305 తీసేసింది. అందులో నాదీ పోయింది. ఇంకో ఏడాదికి వెబ్‌సైటే కనపడలేదు. మా పిల్లలు రెండు సెమిస్టర్లు కష్టపడి చేసిన పని అది. ఇంకోచోట వేద్దామంటే ఆల్రెడీ అచ్చయిందంటారు, చూపిద్దామంటే లింకు తెరుచుకోదు. సర్టిఫికెట్ బీరువాలోనే ఉంది.

నీ పేపర్ ఇంకా నీ చేతిలోనే ఉంది. దాన్ని పోనివ్వకు.

ఏంటో_ఈ_గోల:

అందరూ పెద్ద పెద్ద మాటలు చెబుతారు. నాలుగేళ్లయింది, జూన్‌లో అయిపోవాలి, 9,500 పడేసి పని కానిచ్చుకోండి మేడం. ఆ ఇద్దరి పేర్లు పెడితే మీ సొమ్మేం పోతుంది? రేపు థీసిస్ మీద వైవా పరీక్షకి బయటి ఎగ్జామినర్‌ని పిలిచేది ఆ హెచ్‌ఓడీయే. వేరేవాళ్ల రాతతో పోలిక, అదే సిమిలారిటీ, ఎక్కువొస్తే వాక్యాలు తిప్పి రాసే టూల్స్ బోలెడున్నాయి. నేను అలాగే చేశాను, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. నీతి సూత్రాలు ఫెలోషిప్ వచ్చేవాళ్లకి.

ప్రూఫ్‌రూమ్_అక్క:

గోల గారూ, కోపంగా రాశారు గానీ మీరన్నదాంట్లో కొంత నిజం ఉంది. తప్పంతా స్కాలర్ మీద తోసేసి, పేపర్ల సంఖ్య లెక్కపెట్టేవాళ్లని ఎవరూ ఏమీ అనరు. ఆ టూల్స్ మాటకి మళ్లీ వస్తాను, ముందు ఆ అమ్మాయి పని చూద్దాం.

నేను పదకొండేళ్లుగా జర్నల్ ఆఫీసులో పని చేస్తున్నాను, రచయితల మెయిళ్లకి జవాబులిచ్చేదాన్ని. చెల్లీ, ఇవాళే ఒక మెయిల్ పెట్టు, చిన్నదిగా. సబ్జెక్టులో విత్‌డ్రాయల్ అని, పేపర్ నంబరు. లోపల తేదీలు: ఎప్పుడు పంపావు, ఎప్పుడు వెనక్కి అడిగావు. కాపీరైట్ బదిలీ మీద సంతకం పెట్టలేదు, ఫీజు కట్టలేదు, అచ్చువేయడానికి మీకు అనుమతి లేదు, వేస్తే తీసేయమని అడుగుతాను, అంతే. ఏడుపు వద్దు, క్షమాపణ వద్దు, "కైండ్లీ" అని బతిమాలొద్దు. గైడ్‌ని, మిగతా రచయితల్ని కాపీలో పెట్టు. ఫోన్ చేస్తే ఎత్తకు, ఏదైనా మెయిల్‌లోనే అడగమను. వాళ్ల సైట్‌లో ఫీజుల పేజీ ఇవాళ ఎలా ఉందో తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచు. విత్‌డ్రాయల్ ఛార్జి సంగతి పంపేముందు ఎక్కడా లేకుండా ఇప్పుడు పుట్టుకొచ్చి ఉంటే అదే నీకు పెద్ద ఆధారం.

ఈ బెదిరింపు నీ ఒక్కదానికే వచ్చింది కాదు. హైదరాబాద్‌కి చెందిన ఓమిక్స్ అనే జర్నల్స్ కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది కదా, అందులో ఆరోపణలు సరిగ్గా ఇవే: ఫీజు ముందు చెప్పరు, సరిగ్గా రివ్యూ చేయకుండానే చేశామంటారు, వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు, దాంతో ఆ పరిశోధన ఇంకోచోట వేసుకోవడానికి పనికిరాకుండా పోతుంది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని తీర్పిచ్చింది. అంటే నువ్వు పడుతున్న బాధకి కోర్టులో కూడా ఒక పేరుంది, నీ ఊహ కాదు.

వాళ్ల సైట్‌లో కోప్ ముద్ర ఉందా చూడు. పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ అది, 1997లో బ్రిటన్‌లో కొందరు ఎడిటర్లు మొదలుపెట్టారు. ముద్ర ఎవడైనా అతికించుకోవచ్చు, కోప్ సొంత సైట్‌లో సభ్యుల జాబితాలో ఆ పేరుందో లేదో వెతుకు. ఉంటే అక్కడ ఫిర్యాదు చేసే దారి ఉంది. లేకపోతే దొంగ ముద్ర అని కోప్‌కే చెప్పొచ్చు.

ఇక రెండో జర్నల్. ఇప్పుడే పంపకు. ఒకే పేపర్ ఒకేసారి రెండుచోట్ల ఉండటం తప్పే. మొదటివాళ్లు దొంగలైనా సరే, రెండోవాళ్లకి ఆ సంగతి తెలియదు కదా. చాలామంది ఇది ఏదో లాంఛనం అనుకుంటారు. నేను ఆ కుర్చీలో కూర్చుని చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఒక పేపర్‌కి ఇద్దరు రివ్యూయర్లని ఒప్పించడానికి ఒక్కోసారి పదిహేను మందికి రాయాలి. ఎవరికీ పైసా రాదు, రాత్రిపూట సొంత పని మానుకుని చదువుతారు. అలా చదివి పంపాక ఆ పేపర్ వేరేచోట వచ్చేసిందని తెలిస్తే వాళ్ల ముఖం చూడలేం. రెండుచోట్లా అచ్చయితే ఇంకా కష్టం. రేపు ఎవరో ఫ్లోరైడ్ మీద పేపర్లన్నీ పోగేసి లెక్క కడితే నీ 62 బోర్లు 124 అవుతాయి.

విత్‌డ్రాయల్ మెయిల్ పెట్టాక రెండు వారాలు ఆగు. ఒప్పుకున్నామని రాస్తే సరే. రాయకపోయినా, అచ్చు వేయకపోతే, కొత్త జర్నల్ ఎడిటర్‌కి కవర్ లెటర్‌లో జరిగింది జరిగినట్టు నాలుగు లైన్లు రాసి ఆ మెయిళ్లు జతచేయి. దాచకు. దాచింది రేపు బయటపడితే నువ్వూ వాళ్లూ ఒకటే అయిపోతారు, ముందే చెబితే నీ వైపు నిలబడతారు. ఇలాంటి ఉత్తరాలు మాకు నెలకి ఒకటైనా వచ్చేవి.

ఈ రెండు వారాల్లో టేబుల్ 3 సరిచేయి తల్లీ!

ఏంటో_ఈ_గోల:

మరి టూల్స్ సంగతి?

ప్రూఫ్‌రూమ్_అక్క:

వస్తున్నా. సిమిలారిటీ తగ్గించడానికి వాక్యాలు తిప్పే టూల్స్‌కి ఏది మామూలు మాట, ఏది శాస్త్రంలో స్థిరపడిన మాట అనే తేడా తెలియదు. బ్రెస్ట్ క్యాన్సర్ అని ఉంటే "బోసమ్ పెరిల్" అని, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ని "కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్" అని మార్చేశాయి. కృత్రిమ మేధ కాస్తా దొంగ స్పృహ అయింది చూడండి. 2021లో ఫ్రాన్స్‌లో కబనాక్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఈ మాటలనే గాలం వేసి వెతికితే పేపర్లు కుప్పలుగా బయటపడ్డాయి, ఇప్పటికీ పడుతున్నాయి. మీది కూడా ఎక్కడో ఉంటుంది, ఎవరో ఒకరు వెతికేదాకా.

2018 యూజీసీ నియమాల్లో 10 శాతం దాకా పోలికకి శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మధ్యలో ఉన్నవాళ్లంతా ఆ శాతం తగ్గించడం మీదే పడ్డారు, మాట ఎవరిదో చెప్పడం మీద కాదు. కొటేషన్ గుర్తులు పెట్టి పేరు రాస్తే పోయేదానికి ఇంత తంటా.

చలిదేశం_చంటి:

జర్మనీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తున్నాను, మాది తెనాలి దగ్గర. అక్క చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు, పేర్ల సంగతి ఒక్కటే రాస్తాను.

వైద్య పత్రికల ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ పెట్టిన నాలుగు షరతులు ఇప్పుడు మిగతా శాస్త్రాల్లో కూడా చాలా చోట్ల వాడుతున్నారు. పనిలో గట్టి భాగం ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతి చూసి సరేననాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉండాలి, ఒకటి కాదు. ల్యాబ్ ఇచ్చినందుకు, సంతకాలు పెట్టినందుకు కృతజ్ఞతలు అని పేపర్ చివర ఒక చోటు ఉంటుంది, హెచ్‌ఓడీ గారి పేరు అక్కడ గౌరవంగా ఉంటుంది.

అందరూ మొదటి మూడే చూస్తారు, నాలుగోదే అసలు ముల్లు. 2020 మే గుర్తుందా, కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తే చావులు పెరుగుతున్నాయని లాన్సెట్‌లో పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, 96,032 మంది రోగులు అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని ఆపేసింది కూడా. ఆ డేటా సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీది, ఆ కంపెనీ యజమానే నలుగురు రచయితల్లో ఒకడు. బయటివాళ్లు అనుమానపడి అడిగేసరికి మిగతా ముగ్గురు అసలు డేటా తెప్పించి చూపించలేకపోయారు. రెండు వారాలకే, జూన్ 4న, పేపర్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ముగ్గురిలో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నాడు. పేరు పెట్టుకోవడం సుఖమే, డేటా చూపించమన్న రోజు తెలుస్తుంది.

మీ పేపర్‌లో రెండు బళ్ల బోర్లున్నాయి అన్నారు. రేపు ఏ విలేకరో, ఏ కలెక్టర్ ఆఫీసో ఆ నంబరు ఎలా వచ్చిందని హెచ్‌ఓడీ గారికి ఫోన్ చేస్తే ఆయనేం చెబుతారు? ఫ్లోరైడ్‌ని ఎలక్ట్రోడ్‌తో కొలిచారా, రంగు పద్ధతిలోనా అని అడిగితే? ఆయన మంచికి కూడా ఆ పేరు ఉండకపోవడమే మేలు.

ఇంకోటి, పెద్ద పబ్లిషర్ అయితే చాలు అనుకోకండి. వైలీ 2021లో దాదాపు 30 కోట్ల డాలర్లిచ్చి హిందావిని కొనుక్కుంది. ఆ జర్నల్స్ ప్రత్యేక సంచికల్లోకి పేపర్ మిల్లులు, అంటే దొంగ పేపర్లు తయారుచేసి అమ్మేవాళ్లు, దూరాయని తేలి 2023 ఒక్క ఏడాదిలో 8,000కి పైగా పేపర్లు వెనక్కి తీసుకుని చివరికి ఆ పేరే ఎత్తేశారు. అక్కడ సక్రమంగా రాసినవాళ్లు కూడా ఇప్పుడు సీవీలో ఆ లైన్ పక్కన వివరణ ఇచ్చుకుంటున్నారు. లిస్టులో ఉందా అని కాదు, మీ సబ్జెక్టులో మీరు నిజంగా చదివిన పేపర్లు ఎక్కడ వచ్చాయో చూసి అక్కడికి పంపండి. మంచి జర్నల్స్ ఇవీ అని యూజీసీ పెట్టిన కేర్ లిస్టు కూడా 2025 ఫిబ్రవరిలో పోయింది కదా.

బోరుబావి_62:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మెయిల్ పెట్టేశాను, "కైండ్లీ" ఒకటి దొర్లింది, తీసేసి పంపాను.

చంటి గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను, కానీ ఇదంతా గైడ్ సార్ ముందు నిలబడి ఎలా చెప్పాలి? నాలుగు షరతులు అని మొదలుపెడితే "నాకు పాఠం చెబుతున్నావా" అంటారు. వైవా వాళ్ల చేతిలో ఉంది, గోల గారు ఆ మాట సరిగ్గానే అన్నారు.

లంచ్‌బాక్స్_లెక్చరర్:

చెప్పకు. అడుగు.

చాలా జర్నల్స్ ఇప్పుడు ఎవరు ఏం చేశారో రాయమని ఒక పట్టిక ఇస్తాయి, క్రెడిట్ అంటారు, 14 రకాల పనులుంటాయి అందులో: ఆలోచన, డేటా సేకరణ, విశ్లేషణ, మొదటి ప్రతి రాయడం, పర్యవేక్షణ, నిధులు ఇలా. నువ్వు పంపబోయే జర్నల్ నుంచి ఆ ఫామ్ ప్రింట్ తీసి, నీదీ సార్‌దీ నింపి, మిగతా రెండు వరసలు ఖాళీగా ఉంచి పట్టుకెళ్లు. "సార్, వీళ్లు అడుగుతున్నారు, హెచ్‌ఓడీ సార్‌కి ఏం రాయమంటారు, మీ ఫ్రెండ్ సార్‌కి ఏం రాయమంటారు" అను. అమాయకంగా అను. నీకూ సార్‌కీ మధ్య గొడవ కాదు అప్పుడు, సార్‌కీ ఫామ్‌కీ మధ్య గొడవ. మన దగ్గర మనిషికి ఎదురు చెప్పడం కష్టం గానీ ఫామ్ ముందు ఎవరైనా తల వంచుతారు.

అయినా ఆయన మొండికేస్తే? హెచ్‌ఓడీ గారిని టేబుల్ 3 చూసి దిద్దిపెట్టమని, చర్చ భాగం చదివి రాసిమ్మని అడగొచ్చు. నిజంగా చేస్తే పేరుకి కొంత అర్హత వచ్చినట్టే. చేయకపోతే ఆయనే వద్దంటారు. అప్పటికీ కాకపోతే ఏం చేయాలో నా దగ్గర జవాబు లేదమ్మా, అబద్ధం చెప్పను. నా పేపర్లలో ఇద్దరు ప్రిన్సిపాళ్ల పేర్లున్నాయి.

బోరుబావి_62:

మూడు వారాలయింది, ఏమైందో చెబుతానన్నాను కదా.

జర్నల్ వాళ్లు మొదట 150 డాలర్లు అన్నారు, తర్వాత 75, తర్వాత "స్కాలర్ డిస్కౌంట్" అని 2,000 రూపాయలు. బజారులో చీర బేరంలా సాగింది. నేను అదే మెయిల్ మళ్లీ మళ్లీ పంపాను. 12వ రోజు నుంచి చప్పుడు లేదు. వాళ్ల సైట్ రోజూ చూస్తున్నాను, ఇవాళ్టికి నా పేపర్ అక్కడ లేదు. ఎల్లుండి కొత్త జర్నల్‌కి పంపుతున్నాను, కవర్ లెటర్‌లో అంతా రాశాను, అక్క ఒకసారి చదివిపెట్టింది.

ఫామ్ పట్టుకెళ్లాను. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని చాలాసేపు చూశారు. స్నేహితుడి వరస పెన్నుతో కొట్టేశారు. హెచ్‌ఓడీ గారి వరస మీద ఏమీ అనలేదు, "ఉంచు, నేను మాట్లాడతా" అన్నారు. నిన్న హెచ్‌ఓడీ గారే పిలిచి చర్చ భాగం అడిగి తీసుకున్నారు. చదువుతారో లేదో తెలియదు. టేబుల్ 3 మాత్రం ఆయనకి ఇవ్వలేదు, నేనే దిద్దాను. దిద్దాక 23 కాదు, 21 బోర్లే. ఆ రెండు బళ్లు మాత్రం అందులో అలాగే ఉన్నాయి.

జూన్‌కి అయ్యేలా లేదు. ఎక్స్‌టెన్షన్ ఫీజు కడుతున్నాను.

కొత్తగా_చేరా:

అక్కా, ఇప్పుడే ఈ థ్రెడ్ చదివాను, చేతులు వణుకుతున్నాయి. ఆ జర్నల్ పేరు చెప్తారా ప్లీజ్? నాకూ నిన్న ఒకటి వచ్చింది, మీ అమూల్యమైన పరిశోధన మాకు పంపండి, 5 రోజుల్లో వేస్తాం అని.

బోరుబావి_62:

పేరు ఇక్కడ రాయలేను తమ్ముడూ. నీ మెయిల్ మొదటి లైన్‌లో "గ్రీటింగ్స్ ఆఫ్ ద డే" అని ఉందా?

కొత్తగా_చేరా:

ఉంది అక్కా. రెండుసార్లు ఉంది.